బొమ్మ, బొరుసు, బరువు

మైలవరపు బజారులోని తాకట్టు దుకాణమునకు వెండి పట్టీల జత నొకదానిని గొనిపోయిన ఇల్లాలు, వాని మువ్వల సవ్వడిని, చిలుకల పనితనమును, అవి తన పుట్టినింటివారు పెట్టినవను సంగతిని ఎంత విపులముగా వర్ణించి చెప్పినను, దుకాణదారు ఆ వర్ణనము నంతయు మర్యాదగా ఆలకించి, తుదకా పట్టీలను త్రాసులో వేసి, గీటురాయి మీద నొక గీత గీచి, అటుపిమ్మటనే ధర చెప్పుటకు నోరు విప్పును. ఆమె చెప్పినది అసత్యము గాదు. అతడు చేసినది అమర్యాద గాదు. ఆమె చూచినది బొమ్మను, అతడు చూచినది బరువును. వ్యక్తిత్వమును గురించి వ్రాయబడిన గ్రంథములు పెక్కు మొదటిదానికి మెరుగుపెట్టు ఉపాయములతో నిండియున్నవి: ఎట్లు నవ్వవలెను, ఎట్లు కరచాలనము చేయవలెను, సభలో ఏ వరుసలో కూర్చుండవలెను అని. ఆ విద్యను నేను తృణీకరింపను గాని, అది సగము విద్య. మిగిలిన సగమును బోధించు గురువులు దొరకుట అరుదు గనుక, రెండు వేల యేండ్ల క్రిందట రోమక సామ్రాజ్యమున ముద్రింపబడి, సముద్రము దాటి వచ్చి, మన తెలుగునేలలో పాతరపడిన వెండి నాణెములను ఈ అధ్యాయమునకు గురువులుగా పిలుచుచున్నాను.

నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో బయల్పడిన నిక్షేపమున అట్టి నాణెములు 1531 ఉండెను. నాణెశాస్త్రజ్ఞులైన పరమేశ్వరీలాల్ గుప్త గారు 1965లో హైదరాబాదు ప్రభుత్వ ప్రదర్శనశాల ప్రచురణముగా వెలువడిన గ్రంథమున తెలుగుదేశపు రోమను నాణెముల వివరములను సంతరించిరి. 1531 అను సంఖ్య వినగానే కుబేరుని భాండాగారము కన్నులకు కట్టును గాని, తూచి చూచినచో అది ఇంచుమించు ఐదారు కిలోల వెండి మాత్రమే. ఆ నాణెమునకు డెనారియసు అని పేరు. క్రీ.పూ. 211 ప్రాంతమున, హానిబాలుతో జరుగుచున్న యుద్ధమున రోము నగరము బొక్కసము ఖాళీయై దిక్కుతోచక యున్న దినములలో అది పుట్టినది. అగస్టసు చక్రవర్తి నాటికి దాని తూకము సుమారు 3.9 గ్రాములు, లోహము దాదాపు కల్తీలేని వెండి. మూడు నాణెములు కలిపిన మన పాత తులము సరిగా తూగును.

ఆ వెండి ఇంత దూరము ఏల వచ్చెనని అడుగువారికి సమాధానము కృష్ణా డెల్టాలోనే కలదు. క్రీ.శ. మొదటి శతాబ్దమున వ్రాయబడిన ‘పెరిప్లస్’ అను నౌకావ్యాపార గ్రంథము ఈ తీరమును మసాలియా యని పేర్కొని, ఇచ్చట సన్నని నూలువస్త్రములు విస్తారముగా తయారగుచున్నవని చెప్పినది. టాలెమీ తన భూగోళమున వ్రాసిన కొంటకొస్సిల మన ఘంటసాలయే. అచ్చటి ప్రాచీన శాసనము శివకుడను మహానావికుని పేరును నేటికిని నిలుపుకొనియున్నది. రోమక పండితుడు ప్లినీ, తన దేశపు సొమ్మును హిందూదేశము ఏటేట 5 కోట్ల సెస్టర్సుల మేర హరించుచున్నదని వాపోయెను. నాలుగు సెస్టర్సులకు ఒక డెనారియసు గనుక, ఆ మొత్తము 1 కోటి 25 లక్షల వెండి నాణెములకు సమానము. అందులో మన నేతగాండ్ర పాలు ఎంతయో చెప్పుట కష్టము. కాని వారి పాలు వారికి ముట్టెననుటకు సందేహము లేదు.

ఇక బొమ్మ సంగతి. భారతదేశపు నిక్షేపములలో తరచుగా కనబడు డెనారియసులు రెండే అచ్చులవి. మొదటిదానిపై బొమ్మవైపున పత్రమకుటము ధరించిన అగస్టసు శిరస్సు, చుట్టును దేశపిత యను బిరుదు. బొరుసువైపున డాలులపై చేతులాన్చి నిలిచిన ఇద్దరు యువకులు, వారి వెనుక బల్లెములు, తలలపైని ఆకాశమున పురోహితుల గరిటెయు, వంకరకర్రయు. ఆ యువకులు గయసు, లూసియసు అనువారు, అగస్టసునకు దౌహిత్రులు, క్రీ.పూ. 17లో ఆయన వారిని దత్తపుత్రులుగా స్వీకరించెను. చుట్టునున్న అక్షరములు వారిని కాబోవు కాన్సులులనియు, యువజన నాయకులనియు చాటుచున్నవి. కాని వారు అప్పటికి చేసిన ఘనకార్యము చెప్పుకొనదగినది లేదు. చేయుటకు ఆయువును చాలలేదు. లూసియసు క్రీ.శ. 2లోను, గయసు క్రీ.శ. 4లోను గతించిరి. తాతగారి ఆశ మాత్రము వెండిపై ఎక్కి, బేరగాండ్ర సంచులలో పడి, ఓడలెక్కి, తెలుగుపల్లెల దాక ప్రయాణము సాగించెను. రెండవ అచ్చు తైబీరియసుది: బొమ్మవైపున అతని శిరస్సు, బొరుసువైపున రాజదండమును కొమ్మను చేతబూని కూర్చున్న ఒక స్త్రీమూర్తి. ఆమె శాంతిదేవత యని కొందరును, చక్రవర్తి తల్లి లివియా యని కొందరును అందురు. క్రీ.శ. 14 మొదలు 37 వరకు సాగిన ఆ పరిపాలన కాలమందంతటను ఆ రూపము ఇంచుమించు మార్పులేక ముద్రింపబడెను. చూచుటకు విసుగు పుట్టించు నాణెమే; కాని ఎరుగని తీరమున దిగిన వర్తకునకు మారని ముద్ర ఎంత ఆసరాయో ఊహింపుడు.

బొరుసును గురించి ఒక ముచ్చట చెప్పక ముందుకు సాగజాలను. రోములో గణతంత్రము నడచిన దినములలో టంకశాల అధికారము యువకుల చేతిలో నుండెడిది. రాజకీయ సోపానమున తొలి మెట్టు నెక్కుచున్న ఆ కుర్రవారు, తమకు చెప్పుకొనదగిన చరిత్ర ఇంకను లేకపోవుటచే, తాతముత్తాతల ఘనతను నాణెములపై చెక్కించుకొనెడివారు. క్రీ.పూ. 54 ప్రాంతమున బ్రూటసు అను యువకుడు తన నాణెముపై ఒకవైపున రోము నుండి రాజులను వెడలగొట్టిన పూర్వికుని ముఖమును, రెండవవైపున నియంత కాదలచెనను అనుమానము మోసిన వానిని చంపిన మరియొక పూర్వికుని ముఖమును వేయించెను. పదేండ్లు గడచినవి. క్రీ.పూ. 44లో జూలియసు సీజరు, బ్రతికియున్న మనిషి ముఖము రోము నాణెములపై ఉండరాదను సంప్రదాయమును కాలదన్ని, తన ముఖమును వేయించెను. ఆ మార్చి 15వ తేదీననే బ్రూటసు ప్రభృతుల కత్తులకు బలియయ్యెను. మూడేండ్లు నిండకమునుపే బ్రూటసు తన సైన్యములకు జీతమిచ్చుటకై మరల నాణెములు వేయించెను. బొరుసువైపున రెండు బాకులు, వాని నడుమ దాస్యవిముక్తుల టోపి, క్రింద ఆ హత్యాదినము పేరు. బొమ్మవైపున ఎవరి ముఖము? బ్రూటసుదే! రాజులను తరిమిన వంశము మాదని చెప్పుకొని పెరిగి, ముఖమును నాణెమున కెక్కించుకొన్నవానిని పొడిచి, ఆ ముఖము ఖాళీచేసిన చోటున తన ముఖమును నిలుపుకొన్న ఈ మహాశయుని చూచినప్పుడెల్ల, ఉద్యోగపు ప్రశ్నలకు సమాధానముగా తాతగారి ఎకరముల లెక్కను, మేనమామ పలుకుబడిని ఏకరువు పెట్టు మన కుర్రవాండ్రు నాకు జ్ఞప్తికి వత్తురు. పూర్వికుల ఘనత చెప్పుకొనుట తప్పు కాదు. అది మీ నాణెమునకు బొరుసు, అంతవరకే.

అక్కెనపల్లిలో ఆ 1531 నాణెములను దాచుకొన్న అజ్ఞాతవ్యక్తికి అగస్టసు ఎవరో తెలియదు. లాటిను అక్షరములు అతని కంటికి గీతలు. గయసు, లూసియసులు దత్తపుత్రులని చెప్పుటకు ఎవ్వరును లేరు. అయినను అతడు వానిని కైకొనెను, దాచెను. బొమ్మను గుర్తింపని చోట నాణెము చెల్లినదన్నచో అది బరువును బట్టియే చెల్లినది. ఈ విషయమునే ప్లినీ చెప్పిన సింహళకథ ఇంకను స్పష్టముగా చూపుచున్నది. క్లాడియసు చక్రవర్తి కాలమున, ఎఱ్ఱసముద్రపు పన్నుల గుత్తదారు సేవకుడొకడు అరేబియా తీరమున పోవుచు, గాలివాటున కొట్టుకొనిపోయి, పదునైదవ దినమున సింహళము చేరెనట. అచ్చటి రాజు అతనిని ఆరు మాసములు ఆదరించి, ప్రశ్నలడిగి, అతని వద్దనున్న నాణెములను పరీక్షించెను. వానిపై ముఖములు వేరువేరు, అనగా అవి పలువురి చేత వేయింపబడినవి; తూకము మాత్రము అన్నింటికి ఒక్కటే. ఆ ఒక్క విశేషమును చూచియే రాజు రోమకుల సత్యసంధతను మెచ్చి, వారివద్దకు నలుగురు రాయబారులను పంపెనని ప్లినీ వ్రాసినాడు. కథలో కొంత రోమక గర్వము కలిసియుండవచ్చును గాని, రాజు ప్రయోగించిన పరీక్ష మాత్రము ఎవ్వడును కాదనజాలనిది.

ఇంకొక సాక్ష్యము కలదు. కొంతకాలమునకు ఆ నాణెము పేరే మన శాసనములలోనికి ఎక్కెను. ఇక్ష్వాకుల నాటి నాగార్జునకొండ శాసనమున, ఉజ్జయినీ రాజపుత్రికయైన రుద్రధర భట్టారిక మహాచైత్యమునకు 170 దీనారి మాషకములు దానమిచ్చినట్లున్నది. చక్రవర్తుల పేర్లు ఇచ్చట నిలువలేదు. తూకము వలన నాటుకొన్న నాణెము పేరు నిలిచెను.

కనుక మైలవరమునుండి విజయవాడకో, హైదరాబాదునకో, సముద్రముల కావలికో పోవు యువకునకు నేను చెప్పు మొదటి మాట ఇది: మీ ఇంటిపేరు వినగానే కుర్చీ వేయు ఊరిలో మీ బరువు మీకు తెలియదు. చదువు పూర్తియైన పిదప కొంతకాలమైనను మీ తండ్రిగారిని ఎరుగని యజమాని వద్ద పనిచేయుడు. అచ్చట మొదటి మాసమున మీకు అప్పగించిన పనికిని, ఆరవ మాసమున అప్పగించిన పనికిని గల భేదమును గమనింపుడు. జీతము పెరుగుటకు నూరు కారణములుండును. ఒకరు తన కంటిచూపు లేకుండ మీకు వదలిపెట్టు పనుల సంఖ్య పెరుగుటకు ఒక్కటే కారణము.

బరువులేని బొమ్మ ఎట్లుండునో తెలిసికొనగోరువారు కొండాపురము త్రవ్వకముల వృత్తాంతము చూడదగును. పూర్వపు మెదకు జిల్లాలోని ఆ శాతవాహన స్థలమున 1940ల తొలినాళ్లలో నిజాము ప్రభుత్వ పురావస్తుశాఖవారు త్రవ్వగా, తైబీరియసు నాణెమును అచ్చొత్తి మట్టితో చేసిన బిళ్లలు దొరికినవి. మెడలో వేసికొనుటకు వానికి కొక్కెమును కలదు. అదే చక్రవర్తి, అదే స్త్రీమూర్తి. లోపల మాత్రము కాల్చిన మన్ను. ఆ బిళ్ల ధరించినవాడు ఎవరినో మోసగింపబూనెనని నేననను. అది ఆభరణము, ఆభరణముగా దానికి తప్పు లేదు. అట్లే మన కొండపల్లి బొమ్మకును బరువు అక్కరలేదు. పొణికి కఱ్ఱ తేలికదనమే దాని గుణము. జమీందారు పోషించిన నాటకసమాజముతో పేరుగన్న మైలవరమునకు వేషము విలువ ఇంకొకరు చెప్పవలసిన పనియు లేదు. చిక్కెల్లయు ఆ మట్టిబిళ్లను బజారునకు గొనిపోయి సరకు కొనబోయినప్పుడు వచ్చును. పుట్టినరోజునకు నాలుగు రోడ్ల కూడలిలో నిలువెత్తు ఫ్లెక్సీ కట్టించుకొన్న యువకుడు, ఆ ఫ్లెక్సీ డబ్బు బాకీని మరు నెలకు, ఆపై నెలకు వాయిదా వేయుచుండగా, దానిని అచ్చువేసిన దుకాణదారుకంటె అతని బరువు తెలిసినవాడు ఆ ఊరిలో ఉండడు.

ఇప్పుడు ఈ అధ్యాయమునకు ముఖ్యమైన ఘట్టమునకు వచ్చుచున్నాము. క్రీ.శ. 64లో నీరో చక్రవర్తి డెనారియసు తూకమును తగ్గించెను. అంతవరకు ఒక రోమను పౌను వెండికి 84 నాణెములు పోయుచుండగా, ఇకపై 96 పోయవలెనని కట్టడి చేసెను. లోహములోను కొంత కల్తీ కలిపించెను. అనగా తూకమున ఎనిమిదింట ఒక వంతు తరుగు. బొమ్మ మాత్రము మునుపటికంటె అందముగానే యుండెను. నీరో కాలపు చిత్రకారుల నేర్పు తక్కువది కాదు. నాణెము విలువయు పేరునకు మారలేదు. రోములో దానిని కాదనువారు లేరు, ఏలయన అచ్చట రాజాజ్ఞ కలదు. ఆజ్ఞ చెల్లని ఈ తీరమున సంగతి వేరు. భారతదేశపు వెండి నిక్షేపములలో అగస్టసు, తైబీరియసుల నాణెములు రాశులుగా దొరకుచుండగా, నీరో సంస్కరణమునకు తరువాతివి బహు విరళము. వర్తకులు పాత బరువునాణెములనే ఏరి తెచ్చిరని పెక్కుమంది పండితులు దీనికి కారణము చెప్పుదురు. ఎవ్వరును రోమునకు ఫిర్యాదు పంపలేదు, తగవు పెట్టుకొనలేదు. తీసికొనుట మానిరి. సెప్టిమియసు సెవేరసు చక్రవర్తి నాటికి డెనారియసులో వెండి సగమునకు దిగినది. పిమ్మటి కథ చెప్పనక్కరలేదు.

మనుష్యుల విశ్వాసమును ఇట్లే తరుగును. అబద్ధమాడి, అప్పు ఎగవేసి పేరు చెడగొట్టుకొనువారు కొందరే. ఎనిమిదింట ఒక వంతు తగ్గించి ఇచ్చి చెడువారు లెక్కకు మిక్కిలి. పదింటికి వత్తునని పదిన్నరకు వచ్చుట, ఎనిమిది పుటల నివేదికలో ఏడు శ్రద్ధగా వ్రాసి ఎనిమిదవదానిని ఎక్కడినుండియో దించుట, ‘రేపు పంపెద’నని ఎల్లుండి పంపుట: వీనిలో ఏ ఒక్కదానికిని ఎవ్వరును మిమ్ము మందలింపరు. నవ్వుచునే పలుకరింతురు. తరువాతి పెద్ద పని వచ్చినప్పుడు మాత్రము దానిని మరియొకని కిత్తురు, కారణము మీకు చెప్పరు. చెప్పక పోవుటయే ఈ నష్టములోని విషము.

దీనికి నేను సూచించు సాధనము అతిసామాన్యము, ఒక మాటల ఖాతా. నెలకొక పుట. ప్రతి మాటకు నాలుగు గడులు: ఎవరికి, ఏమి, ఎప్పటికి, తుదకు ఎప్పుడు. ఐదవ గడిలో తరుగు వ్రాయుడు. కారణము వ్రాయవలదు, ఏలయన కారణములు వ్రాయుటకు పూనుకొన్నచో మన కలమునకు కాళిదాసుని ప్రతిభ వచ్చిపడును. చిన్న మాటలనే ఎక్కువగా ఎక్కింపుడు. పెద్ద ప్రతిజ్ఞలను లోకమే జ్ఞాపకముంచుకొని అడుగును; చిల్లర మాటలకు మీరు తప్ప గణకుడు లేడు. మొదటి పుట నిండిన దినమున ఎక్కువమంది చేయు పని, ఇచ్చు మాటల సంఖ్యను సగమునకు తగ్గించుట. అది ఓటమి కాదు. తూకము నిలుపుటకు నాణెములు తక్కువ పోయుట ధర్మసమ్మతమైన ఉపాయము.

అక్కెనపల్లి నాణెములలో చక్రవర్తి ముఖముపై ఉలిగాట్లు పడినవి కలవు. తమిళదేశమున 1898లో పుదుక్కోటలో దొరికిన 501 బంగారు నాణెములలోను మిక్కిలి భాగము అట్లే గాటుపడినవి. ఆ గాట్లు ఎందుకని పండితులలో వివాదము. పరరాజు ముఖమును కొట్టివేసి దానిని నాణెముగా గాక లోహముగా నిలుపుటకని కొందరందురు. లోపల రాగి పెట్టి పైన వెండిరేకు తొడిగిన దొంగనాణెములు రోములోనే పుట్టుచుండుటచే, కోసి చూచిరని కొందరందురు. నాకు రెండవది నచ్చును, మొదటిదానిని కాదనుటకు ఆధారము లేకున్నను. గాటుపడిన వెండి విలువ పోగొట్టుకొనలేదు, పోగొట్టుకొన్నచో గాట్లతోనే దానిని దాచియుండరు.

విమర్శను స్వీకరించు పద్ధతి ఇందులో ఉన్నది. ‘నా పని ఎట్లున్నది?’ అని అడిగినచో మన దేశమున దొరకు సమాధానము ‘బాగున్నదండీ’ యనునదొక్కటే. అది పైరేకును తుడుచుటయే గాని గాటు పెట్టుట కాదు. ‘నేను చేసిన వానిలో మీరు మరల చేసికొనవలసి వచ్చిన పని యేది?’ అని అడుగుడు. ఈ ప్రశ్నను మీ మేలు వలన లాభముగాని, మీ కీడు వలన సంతోషముగాని లేనివానిని ఎన్నుకొని, ఏకాంతమున వేయుడు. సమాధానము వచ్చునప్పుడు వివరణ ఇయ్యకుడు, వ్రాసికొని లెండు. ఇంకొక హెచ్చరికయు అవసరము. లోహము తెలియుటకు ఒక గాటు చాలును. ప్రతి సమావేశమునను అదే ముఖముపై ఉలి వేయుచు, అది మీ మేలు కొరకేనని చెప్పువాడు పరీక్షకుడు కాడు. వాడు రాల్చుకొనుచున్నది మీ వెండిపొడిని. అట్టివానినుండి దూరముగా జరుగుట పిరికితనము కాదు.

చివరగా, ముద్ర మారినప్పుడు ఏమి చేయవలెనో కొద్దిగా చెప్పెదను. 1906లో నాసికు సమీపమున జోగల్‌తంబిలో దొరికిన నిక్షేపమున క్షహరాత రాజు నహపానుని వెండి నాణెములు 13 వేలకు పైగా ఉండెను. అందులో 9 వేలకు మించిన వానిపై, అతనిని జయించిన గౌతమీపుత్ర శాతకర్ణి తన చైత్యమును, ఉజ్జయినీ చిహ్నమును మరల కొట్టించెను. కరగింపలేదు, పారవేయలేదు. వెండి మంచిదే గనుక ముద్ర మార్చి నడిపించెను. కొన్నిటిపై కొత్త చిహ్నముల సందున నహపానుని మొగము ఇంకను తొంగిచూచుచుండును. బదిలీపై కొత్త ఆఫీసులో చేరినవాడును, అమ్ముడుపోయిన కంపెనీలో మిగిలిన ఉద్యోగియు, అత్తవారింట అడుగిడిన కోడలును ఈ నాణెముల వంటి స్థితిలోనే యుందురు. పాత ముద్ర తొంగిచూచుట సహజము, దానికి సిగ్గుపడ నక్కరలేదు. కాని ‘మా పాత ఆఫీసులో ఇట్లుండెడిది’ అను వాక్యమును మొదటి మూడు మాసములు నోట రానీయకుండుట మేలు. ఆ మూడు మాసముల మాటల ఖాతాను మాత్రము మామూలుకంటె నిశితముగా వ్రాయుడు. కొత్తవారు మీ పాత బిరుదును చదువలేరు గనుక, వారి చేతికి అందునది ఆ చిల్లర మాటల తూకమే; ఒక్కొక్క పుట చివరను తరుగు గడిని కూడి, అది ఎనిమిదింట ఒక వంతును దాటిన నెలలో కొత్త మాట ఏదియు ఇయ్యక, పాత బాకీలను తీర్చుటకే ఆ నెలను కేటాయింపుడు.